రికార్డులోని గీత, తెర మీది గీత

డయోడు లక్షణాల ప్రయోగం చేయని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఉండడు. వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ, మీటర్లు చూసి పది పదిహేను అంకెలు రాసుకుని, గ్రాఫ్ కాగితం మీద చుక్కలు కలుపుతారు. గీత ఎలా రావాలో ముందే తెలుసు కనుక సీనియర్ల రికార్డు పక్కన పెట్టుకుంటే పని ఇంకా త్వరగా అయిపోతుంది. ఆ ప్రయోగాన్ని తీసేయమని అనను. దాని పక్కనే ఒక కర్వ్ ట్రేసర్ ఉండాలంటాను.

కర్వ్ ట్రేసర్ చేసేది ఆ పనే, కాకపోతే సెకనుకు వంద సార్లు. మన 50 హెర్ట్జ్ కరెంటును రెక్టిఫై చేసి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు ఇస్తే వోల్టేజి సున్నా నుంచి పైకి వెళ్లి మళ్లీ కిందికి వస్తుంది. ప్రతి విడతకూ బేస్ కరెంటు ఒక మెట్టు పెరుగుతుంది. దాంతో ఓసిలోస్కోప్ తెర మీద గీతలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. టెక్‌ట్రానిక్స్ సంస్థ 1950లలోనే 575 అనే నమూనాను తెచ్చింది. అంటే ఇది కొత్త సంగతేమీ కాదు, మన తరగతి గదులకే ఆలస్యమైంది.

వేగం వల్ల లాభం సమయం ఒక్కటే కాదు. మీటర్లతో నిదానంగా కొలిచేటప్పుడు ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది. సిలికాన్ జంక్షన్ వోల్టేజి ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది కనుక మొదటి చుక్క ఒక ఉష్ణోగ్రతలో, చివరి చుక్క మరో ఉష్ణోగ్రతలో పడతాయి. ట్రేసర్ ముందు ట్రాన్సిస్టర్‌ను వేలితో పట్టుకుంటే చాలు, గీతలు జరగడం కంటికి కనిపిస్తుంది. పాఠంలో ఒక్క వాక్యంగా పోయే విషయం ఇలా చూసినవాడికి మరపుకు రాదు.

ఇక బజారు సంగతి. బీసీ547 అని రాసి ఉన్న ట్రాన్సిస్టర్ గెయిన్ 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండవచ్చని తయారీదారుల పట్టికలే చెబుతాయి. దీనికి తోడు నకిలీలు. 2ఎన్3055 పేరుతో దొరికే కొన్నింటి లోపల చిప్ చాలా చిన్నదిగా ఉంటుంది. మల్టీమీటర్ డయోడు పరీక్షలో అదీ ‘మంచిదే’. కరెంటు పెంచినప్పుడు గెయిన్ ఎలా పడిపోతుందో చూస్తేనే గుట్టు బయటపడుతుంది. కంప్యూటర్ సిమ్యులేషన్ ఉంది కదా అంటారు. అది సమీకరణం గీసే గీత, చేతిలో ఉన్న వస్తువుది కాదు.

ఖరగ్‌పూర్‌లోని మలంచా వంటి చోట ఈ మాటకు బరువు ఎక్కువ. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న పట్టణం ఇది. ఆ రైల్వే పనే ఇప్పుడు మారిపోయింది. రిలేల చోట ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్, ఇంజన్లలో ఐజీబీటీలు వచ్చాయి. స్పానర్ పట్టిన ఇంటి పిల్లలకు సెమీకండక్టర్ గీత చదవడం రావాలి. 1951లో హిజిలీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ అదే ఊళ్లో ఉండనే ఉంది, నిజమే. కానీ అక్కడి ప్రయోగశాలలో ఉన్న పరికరం మలంచా పిల్లవాడి చేతిలో ఉన్నట్టు కాదు.

పెద్ద యంత్రమే కొననక్కర్లేదు. 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, పాత ఓసిలోస్కోప్ చాలు. రెసిస్టర్, డయోడు వరుసగా కలిపి, డయోడు వోల్టేజిని అడ్డంగా, రెసిస్టర్ వోల్టేజిని నిలువుగా ఇస్తే గీత వచ్చేస్తుంది. కరెంటు 8, 9 మిల్లీ ఆంపియర్లు దాటదు. 5.1 వోల్టుల జీనర్ పెడితే రెండు వైపులా వంపులు కనిపిస్తాయి. ఎల్ఈడీలతో మాత్రం జాగ్రత్త, చాలావాటి రివర్స్ పరిమితి 5 వోల్టులే. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మెయిన్స్‌కు నేరుగా కలపడం ప్రాణాంతకం, ఆ ముక్క పెట్టె మీదే రాసి ఉంచాలి.

పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఈ పెట్టెను విద్యార్థుల చేతే చేయించి, మార్కులు కూడా దానికే ఇవ్వాలి. పరీక్షలో ముద్ర చెరిపేసిన నాలుగు డయోడులు ఇచ్చి ఏది సిలికాన్, ఏది జెర్మేనియం, ఏది జీనర్, ఏది పాడైందో గీతను బట్టి చెప్పమనాలి. దానికి సీనియర్ రికార్డు అక్కరకు రాదు.