కౌంటు దిగితే జబ్బు పోయినట్టు కాదు

"తెల్లకణాలు నార్మల్‌కొచ్చినయ్, ఇంకా ఆ గోలీలెందుకు?" సీఎంఎల్ అనే దీర్ఘకాలిక రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లకు మద్నూర్‌లో ఇరుగుపొరుగు చెప్పే సలహా ఇది. చెప్పేవాళ్లది ప్రేమే. సలహా మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది.

ఈ జబ్బు మూలం ఎముక మజ్జలో ఉంది. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు పుడుతుంది. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ తెల్లకణాల్ని ఆగకుండా పుట్టిస్తుంది. 2001లో వచ్చిన ఇమాటినిబ్ ఆ ప్రోటీన్‌ను అణచిపెడుతుంది. అంతమాత్రాన మూలం పోదు. పత్తిచేనులో తుంగను పైపైన కోస్తే నేల శుభ్రంగానే కనిపిస్తుంది, గడ్డ మాత్రం లోపలే ఉంటుంది.

రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ పరీక్ష రిపోర్టు చేతికి రాగానే అందరి వేలూ మొత్తం తెల్లకణాల సంఖ్య దగ్గరే ఆగుతుంది. కిందికి దిగండి. బేసోఫిల్స్ అన్న వరుస చూడండి. ఆరోగ్యవంతుల్లో అవి మహా అయితే 1 శాతం. 20 శాతానికి చేరాయంటే జబ్బు ముదురుతున్నట్టు. బ్లాస్టులంటే ఎదగని కణాలు, ఆరోగ్యవంతుల రక్తంలో అవి కనిపించవు. 10 నుంచి 19 శాతం ఉంటే ప్రమాదం, 20కి చేరితే బ్లాస్ట్ క్రైసిస్, అంటే జబ్బు బాగా ముదిరిన దశ. మందు వల్ల కాకుండా ప్లేట్‌లెట్లు లక్ష కిందికి పడినా, మందు వాడుతున్నా 10 లక్షలు దాటినా, ఎడమ డొక్క కింద ప్లీహం పెరుగుతున్నా హెచ్చరికే. మెషీన్ లెక్కతో సరిపెట్టకుండా స్లైడును మైక్రోస్కోపు కింద చూడమని అడగాలి.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలోంచి 'ముదిరే దశ'ను తీసేసింది కదా అనేవాళ్లూ ఉన్నారు. తీసేసింది దశ పేరునే. ఈ లక్షణాలను ప్రమాద సూచనలుగా ఇప్పటికీ లెక్కలోకి తీసుకుంటారు.

ప్లేట్‌లెట్లు తగ్గితే బొప్పాయి ఆకు రసం తాగమనడం ఇంకో పొరపాటు. ఇది డెంగీ కాదు. మందు మొదలైన కొత్తలో మందు వల్లే తగ్గొచ్చు, తర్వాత జబ్బు ముదిరీ తగ్గొచ్చు. ఏదన్నది డాక్టరే తేల్చాలి. జ్వరమొచ్చి తెల్లకణాలు కొంచెం పెరిగితే జబ్బు తిరగబెట్టిందని బెంబేలు పడటమూ తప్పే.

సీబీపీ కంటే ముందే మోగే గంట ఒకటుంది. బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష. మొదట్లో మూడు నెలలకోసారి చేయిస్తారు. కౌంటు పెరగకముందే జబ్బు కదలిక అందులో తెలుస్తుంది. మాత్ర ఆపడం కొందరికి సాధ్యమే. కానీ ఏళ్ల తరబడి వాడి, ఆ పరీక్షలో జబ్బు ఆనవాలు దాదాపు లేకుండా కనీసం రెండేళ్లు నిలిచిన తర్వాత, డాక్టరు కనిపెట్టి చూస్తుండగానే. అలా ఆపినవాళ్లలోనూ దాదాపు సగం మందికి జబ్బు తిరిగొస్తుంది.

మద్నూర్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే, నిమ్స్ ఆసుపత్రులకు పోయిరావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆ భారం చిన్నది కాదు. అయినా ఒకప్పుడు అందనంత ధర ఉన్న ఇమాటినిబ్‌ను హైదరాబాద్ కంపెనీ నాట్కో జెనెరిక్‌గా తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఈ మందు అసలు కంపెనీ నోవార్టిస్ పేటెంట్ వాదనను తోసిపుచ్చింది. ఇంత పోరాడితే చేతికొచ్చిన గోలీని ఇరుగుపొరుగు మాట విని మానేయకండి. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టి, ప్రతిసారీ డాక్టరు ముందుంచండి. పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి చూస్తేనే జబ్బు ఎటు పోతోందో తెలుస్తుంది.