ఇల్లాలి వృత్తులు: అప్పగింత జీవాలు

ఇంటిపట్టున నుండి, పెద్ద పెట్టుబడి లేక, గౌరవముగా నాలుగు రూపాయలు సంపాదించు దారి యేదియని మమ్ము నడుగు గృహిణులు పెక్కుమంది కలరు. ఈ మాసము వారికొఱకు మేమొక వృత్తిని గూర్చి చెప్పదలచితిమి. ఊరికి పోవువారి పెంపుడు జంతువులను వారు మరలి వచ్చువఱకు కూలికి కాచి యప్పగించుటయే యా వృత్తి. హైదరాబాదు వంటి నగరములలో దీనిని పెట్ సిట్టింగ్ అని పిలుచుచున్నారు. ఈ పనికి రానివారు లేరు. కాని వచ్చిన బేరమును నిలుపుకొనగలవారు కొందఱే. ఆ నిలుపుకొను విధమే మన కిప్పటి విషయము.

పేరు క్రొత్తదేగాని పని క్రొత్తది గాదు. పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో పరుల జీవమును తనదానివలె సాకుట తరతరముల నుండి వచ్చుచున్న యాచారము. ఒకరు మేకనో పెయ్యనో కొని మఱియొక యింటి వారికి మేపుట కిత్తురు. మేపినవారి ప్రతిఫలము రొక్కము గాదు, పుట్టిన పిల్లలలో భాగము. దీనినే పాలికిచ్చుట యందురు. ఊరి పసులను ప్రొద్దుట తోలుకొని పోయి మాపటివేళ ఇంటింటికి చేర్చు కాపరియు నిట్టివాడే. వేసవిలో గొల్ల కురుమలు మేతకై మందలను దూరప్రాంతములకు తోలుకొని పోవునపుడు, ఒకరి జీవాలు మఱియొకరి జీవాలతో కలిసినను కలత పుట్టకుండుటకు చెవులకు గాట్లు పెట్టి గుర్తించుకొందురు. ఈ యొడంబడికలలో పలుమార్లు కాగితము లేదు, సంతకము లేదు. అయినను అవి యేల నిలిచినవి? తీసికొన్ననాడు ఇరువురి కన్నులయెదుట లెక్క. తిరిగి యిచ్చిననాడును ఇరువురి కన్నులయెదుట లెక్క. నడుమ జరిగినది దాచుట లేదు. ఈ వృత్తికి మూలధనమంతయు నిదియే.

ఇప్పుడీ పనికి గిరాకి యెక్కడనున్నదని యడుగుదురేమో! 2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణ రాష్ట్రము ఇంచుమించు ఒక కోటి తొంబది లక్షల గొఱ్ఱెలతో దేశమున ప్రథమ స్థానము నందినది. 2017లో ఆరంభమైన గొఱ్ఱెల పంపిణీ పథకమున ఒక్కొక్క కుటుంబమునకు 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున లభించినవి. ఇట్లు జీవాలున్న యిండ్లు పెరిగినవి. ఆ యిండ్ల వారు ఊరు విడిచి పోవలసిన యవసరములు మాత్రము తగ్గలేదు. మాఘమాసమున మన్యంకొండకు, చెర్వుగట్టుకు, రెండేండ్ల కొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టుకు, కార్తికమున కురుమూర్తికి ఇంటిల్లిపాదియు బండి కట్టుదురు. కాలువల నీరు వచ్చినకొలది పాలమూరు వలస కొంత తగ్గినను, పంట కోసిన పిదప బొంబాయికి, పూనాకు, హైదరాబాదునకు పనికి పోవు కుటుంబము లింకను కలవు. పట్టణములలో, కొమార్తె పురుటికని అమెరికాకు పోయి యారునెల లుండి వచ్చు తల్లిదండ్రు లున్నారు. వారి యింట కుక్కయో పిల్లియో యుండును. వీరందఱును వెదకునది చౌకగా చేయువారిని గాదు, నమ్మకముగా చేయువారిని. వలసపోవు పేదయింటికి ఆ రెండు మేకలే బ్యాంకు. వానిని మీ దొడ్డిలో కట్టిపోవుట యనగా తన యింటి తాళపుచెవి మీ చేతిలో నుంచుటయే.

బేరము తెచ్చుకొను విధము నిక విచారింతము. గోడమీద ప్రకటన వ్రాయింపనక్కరలేదు. మీ వాడకట్టులోనే ఒక్క యింటితో మొదలుపెట్టుడు. వచ్చినవారిని ముందుగా మీ కొట్టమునకు తీసికొనిపోయి నీడ యెక్కడ, తొట్టి యెక్కడ, రాత్రి కట్టు చోటెక్కడ అన్నియు చూపుడు. చూపుటకు వెనుదీయు కొట్టమును చూచి యెవరు నమ్ముదురు? పిమ్మట మీరే ప్రశ్న లడుగవలెను: ఈ బర్రె ఏ వేళకు నీరు త్రాగును? ఎవరి చేతికి పాలిచ్చును? ఈ కుక్క దేనికి బెదరును? చిన్నపిల్లలను సహించునా? ప్రశ్న లడుగు మనిషిని చూచినపుడు యజమానురాలి గుండె కుదుటపడును. తలయూపి అన్నింటికి సరే యను మనిషిని చూచినపుడు గుబులు పుట్టును.

కూలి మాట ముందే తేల్చుకొనవలెను. మనలో మొగమాటము మెండు. “మనమంతా ఒక్కటే గద వదినా, దీనికి గూడ పైసలా?” అని యొకరనుదురు. అందుకు కోపము వలదు. “నువ్వు పైసలియ్యకుంటే నేనొక పూట మరిచిపోయినా నువ్వు అడుగలేవు వదినా. ఇస్తే అడిగే హక్కు నీది, మరిచిపోకుండ చూసే బాధ్యత నాది” అని నవ్వుచు చెప్పవచ్చును. మేత ఖర్చు వేఱు, చాకిరి కూలి వేఱు అని విడదీయుట మంచిది. చొప్ప, తవుడు, పల్లిచెక్క యజమానులే తెచ్చి పెట్టినచో తగవులకు తావుండదు. పాడిబర్రె యైనచో పాలెవరివి? కూలి క్రింద మీవా, లేక పాలకేంద్రమున పోసి రసీదులు దాచవలెనా? దూడకు విడుచున దెంత? ఇవన్నియు నొక చిన్న పుస్తకమున వ్రాసికొని, తేదీ వేసి, జీవము యొక్క రంగు, వయస్సు, చెవిట్యాగు సంఖ్య, ఉన్న గాయములు కూడ ఎక్కించి, ఫోనులో నొక చిత్రము తీసి యుంచుడు. పూర్వపు చెవిగాటునకు ఈనాటి రూపమిదియే.

ఇక కాపలా. క్రొత్తగా వచ్చిన జీవమును మీ జీవాలతో వెంటనే కలుపరాదు. గాలికుంటు వంటి రోగములు తొట్టినుండి తొట్టికి ప్రాకును. కావున కట్టుచోటు, నీటితొట్టి, మేతగంప వేఱుగా నుంచవలెను. తొలకరి వానల పిదప లేత గడ్డిని గొఱ్ఱె ఆబగా మేసినచో చిటుకు రోగము వచ్చి కొలది గంటలలోనే ప్రాణము పోవచ్చును. దీనికి టీకా వానలకు ముందే వేయింపవలెను. వేయించిరో లేదో అప్పగింతనాడే యడుగుడు. కోళ్లకు కొక్కెర తెగులు టీకా గూర్చియు నట్లే. కుక్క యైనచో రేబీసు టీకా పత్రము చూడక గడప దాటనీయకుడు. ఆ టీకా యేటేట వేయింపవలసినది. ఎంత మచ్చికైన కుక్క కఱచినను, గాయమును వెంటనే సబ్బుతో, పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసుపు, కారము, సున్నము పూయుట ప్రమాదము.

నల్లగొండ ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు మెండుగా నుండి మనుష్యులకే గాక పశువుల పండ్లకును ఎముకలకును చేటు చేయునని మీ రెఱుగుదురు. అట్టి యూళ్లలో శుద్ధిచేసిన నీరే మీ జీవాలకును అతిథి జీవాలకును పోయుడు. మన వేసవి యెండకు కుక్కను నడిపించుట తెల్లవాఱుజాముననే కావలెను. నడివేళ నేల కాలి దాని పాదములు బొబ్బలెక్కును. మొదటి దినము కుక్క తిండి ముట్టకున్న బెదరవలదు. యజమానుల పాతచీర ముక్క దాని పడకలో వేసినచో ఆ వాసనకు కుదుటపడును. ప్రేమతో పెట్టినను ఉల్లిగడ్డ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు దానికి విషములు. పిల్లి చోటు మార్చిన సహింపదు. మీరే వారి యింటికి పూటకొకసారి పోయి చూచుట మేలు. అట్లు పోవునపుడు ఇంటివారిలో నొకరిని తోడుగొని పోయి, పోయిన వేళను పుస్తకమున వ్రాయుడు. పంజరములోని రామచిలుకను తెచ్చినచో మర్యాదగా కాదనుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పెంచుటయే నేరము.

పాడిబర్రె విషయమున మఱొక మాట. ఎదకు వచ్చిన లక్షణములు కనబడినచో ఆ గంటనే యజమానులకు ఫోను చేయవలెను. ఎద కనబడిన పండ్రెండు గంటల పిమ్మట, పదునెనిమిది గంటల లోపల సూది వేయించిన చూలు నిలుచు నవకాశ మెక్కువ. తప్పినచో మరల ఇంచుమించు ఇరువదియొక్క దినములు వేచియుండవలెను. అన్నిదినముల మేత, అన్నిదినముల పాడి యజమానులకు నష్టము. ఇది గమనించి చెప్పిన యిల్లాలిని వారు మఱి విడుతురా? ఇట్టి యొక్క కబురు పది ప్రకటనలకు సాటి.

ఇప్పుడు ఈ వృత్తిలో మిక్కిలి కఠినమైన ఘట్టమునకు వచ్చితిమి. ఎంత జాగ్రత్తపడినను ఒకనాడు మీ దొడ్డిలో పరుల జీవము చావవచ్చును. అట్టి సమయమున మనస్సున మూడు దుర్బుద్ధులు పుట్టును: వచ్చిన పిమ్మట చెప్పుదము, తగ్గించి చెప్పుదము, లేదా అటువంటి మేకనే కొని కట్టి యుంచుదము. మూడును కూడనివి. పాలమూరునుండి పోయి పూనాలో ఇటుకలు మోయుచున్న తల్లికి తన మేకల ముఖము తెలియదనుకొనుట వెఱ్ఱితనము. దాని గొంతు సయితము ఆమె యెఱుగును. జబ్బు కనబడిన నాడే కబురు పంపి, పశువైద్యుని పిలిపించి, ఆయన వ్రాసిన చీటి దాచుడు. చనిపోయినచో వైద్యుని చేత పరీక్ష చేయించి పత్రము తీసికొనుడు. భీమా యున్న జీవమైనచో చెవిట్యాగు లేక సొమ్ము రాదు, గావున దానిని పోనీయవలదు. నష్ట మెవరిదన్న విషయము చచ్చిననాడు గాదు, అప్పగించిన నాడే నిర్ణయించుకొని యుండవలెను: రోగమువలన పోయిన యజమానులది, మీ యజాగ్రత్తవలన కుక్కలు కఱచినను దొంగ లెత్తుకొనిపోయినను మీది. ఈ విధముగా నడుచుకొన్నచో ఒక మేక పోవును గాని ఆ యిల్లు మీకు దూరము గాదు. దాచినచో మేకతోపాటు ఆ యిల్లును పోవును, ఆ వాడయు పోవును. ఏలనన మన యూళ్లలో మాట బావికాడనే పుట్టి జాతరనాటికి పది యూళ్లు తిరుగును.

బేరము నిలుపుకొనుటకు మఱి రెండు మాటలు చాలును. మొదటిది, మీ శక్తికి మించి యొప్పుకొనకుడు. జాతర దినములలో అందఱును ఒక్కసారి వత్తురు. నాలుగింటికి చోటున్న కొట్టమున తొమ్మిదింటిని కట్టినచో తొమ్మిదిండ్ల వారును నొచ్చుకొందురు. మిగిలినవారిని ఇదే పని చేయు మఱియొక సోదరి యింటికి పంపుడు. మీ యింట జ్వరమో పురుడో వచ్చినపుడు ఆమెయే మీ కక్కఱకు వచ్చును. ఆమెను గూర్చి తేలికగా మాటలాడి ఆమె బేరము లాగుకొన జూచితిరా, అదే నోటితో మిమ్ము గూర్చియు నందురు. రెండవది, తిరిగి యప్పగించు దినమును పండుగవలె చూడుడు. జీవమును కడిగి, కడుపునిండ మేపి, పుస్తకము తెఱచి, నాటి చిత్రము ప్రక్కన నేటి జీవమును నిలిపి లెక్క చెప్పుడు. మిగిలిన మేత తిరిగి యిండు. ఒక పూట తినకున్నను, కాలికి గీత పడినను మీ నోటనే వారు వినవలెను.

ఈ పనిలో వచ్చు రాబడి మేడలు కట్టునంతటిది గాదు. అయినను పిల్లల పుస్తకములకు, ఇంటి చిల్లర ఖర్చులకు మగవారి జేబువైపు చూడనక్కరలేని స్వాతంత్ర్య మిచ్చును. ఇంతకాలము ఇల్లాండ్రు చేసిన పశువుల చాకిరికి ఖరీదు కట్టినవారు లేరు. పేడ తీయుట, కుడితి కలుపుట, దూడను విడుచుట ఎవరి కంటికిని పనిగా కనబడలేదు. ఆ చాకిరియే ఒక విద్య యనియు, ఆ విద్యకు కూలి కలదనియు ఈ వృత్తి చాటుచున్నది. నోరులేని జీవమునకు బదులుగా నిజము చెప్పవలసిన నోరు మీది. ఆ నోటిని నమ్మియే మఱుసటి జాతరకు పొరుగింటివారు తమ పలుపును మీ చేతికిత్తురు.