ఎం.ఏ. ఇంగ్లీషు దారి ఎటు?

ఏటా డిగ్రీ ఫలితాలు వెలువడగానే చీపురుపల్లి, బొబ్బిలి, గజపతినగరం ప్రాంతాల నుంచి కొందరు విద్యార్థులు ఎం.ఏ. ఇంగ్లీషులో చేరాలన్న ఉద్దేశంతో విశాఖపట్నం ప్రయాణమవుతుంటారు. వీరిలో పలువురు తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు. ఇంటిల్లిపాదిలో విశ్వవిద్యాలయం గడప తొక్కుతున్న మొదటి మనిషి తామే అయినవారూ ఉన్నారు. ఈ కోర్సు పూర్తి చేస్తే ఇంగ్లీషు ధారాళంగా వస్తుందని, అది వస్తే ఉద్యోగం దానంతటదే వెతుక్కుంటూ వస్తుందని వీరి నమ్మకం. అప్పుచేసి హాస్టలు ఖర్చు భరించే తల్లిదండ్రుల నమ్మకమూ అదే. ఇందులో సగం పొరపాటు ఉంది. ఆ సంగతి చేరకముందు చెప్పే నాథుడు లేకపోవడమే విచారకరం.

ఎం.ఏ. ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే కోర్సు కాదు. చాసర్ మొదలు షేక్స్పియర్, మిల్టన్, వర్డ్స్ వర్త్, ఇలియట్ వరకు ఆరు వందల ఏళ్ల సాహిత్యం, దానిపై విమర్శ, అమెరికన్ సాహిత్యం, భారతీయులు ఇంగ్లీషులో రాసిన రచనలు అందులో పాఠ్యాంశాలు. పద్నాలుగో శతాబ్దపు చాసర్ భాష నేటి ఇంగ్లీషువారికే టీక లేకుండా అర్థం కాదు. డిగ్రీలో జనరల్ ఇంగ్లీషు మాత్రమే చదివి వచ్చిన విద్యార్థికి మొదటి సెమిస్టరులోనే కాళ్లకింద నేల కదిలినట్లవుతుంది. ఆ సమయంలో చేతికందేది బజారు గైడు.

అసలు చేటు ఇక్కడే మొదలవుతున్నది. హామ్లెట్ ప్రతీకారానికి ఎందుకు జాప్యం చేశాడన్న ప్రశ్నకు నాలుగు పేజీల సమాధానం రాసిన విద్యార్థి ఆ నాటకాన్ని ఒక్కసారైనా తెరచి ఉండడు. నవల కథ గైడులో మూడు పేజీలు, కవిత సారాంశం అరపేజీ. వాటిని వల్లెవేసి రెండేళ్లలో పట్టా చేతబట్టుకుని బయటపడినవారు ఇంటర్వ్యూలో నచ్చిన పుస్తకం పేరు చెప్పమంటే తడబడుతున్నారంటే తప్పు వారిది ఒక్కరిదే కాదు. ఏటా అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇచ్చే పరీక్షల పద్ధతికి, గంట కొట్టేలోగా నోట్సు చెప్పి ముగించే బోధనకు అందులో పెద్ద వాటాయే ఉంది. మూలగ్రంథాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని కుస్తీపట్టి చదివినవానికి మాత్రం భాష దానంతటదే పట్టుబడుతుంది. మాట్లాడడం వస్తుందన్న నమ్మకంలో నిజమైన సగం ఇదే.

ఇంగ్లీషు సాహిత్యంతో ఈ జిల్లాకు పరిచయం నిన్న మొన్నటిది కాదు. విజయనగరం మహారాజావారి కళాశాలలో చదివి అక్కడే పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు మొదట ఇంగ్లీషులోనే కవిత్వం రాశారు. 1883లో వెలువడిన ‘సారంగధర’ ఇంగ్లీషు కావ్యమే. దాన్ని మెచ్చుకున్న కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీయే ఆయనను తెలుగులో రాయమని ప్రోత్సహించారు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకం వాడుక తెలుగులో ఉంటే, దానికి ఆయన రాసిన పీఠిక ఇంగ్లీషులో ఉంది. ఆ చదువు ఆయనను తెలుగు నుంచి దూరం చేయలేదు. ఇంగ్లీషు ముక్కలు దొర్లించడమే విద్య అనుకుంటే మాత్రం గిరీశాన్ని మించిన విద్వాంసుడు ఈ గడ్డపై ఇంతవరకు పుట్టలేదు.

ఇక ఉద్యోగాల మాట. బోధన ప్రధాన మార్గం. ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటు పోస్టుకు ఇంగ్లీషు మెథడాలజీతో బి.ఎడ్., టెట్ కూడా ఉండాలి. ఒట్టి ఎం.ఏ. చాలదు. డిగ్రీ కళాశాలలో చేరాలంటే 55 శాతం మార్కులతోపాటు నెట్ గాని సెట్ గాని గట్టెక్కాలి, లేదా పిహెచ్.డి. ఉండాలి. నెట్ లో మంచి ర్యాంకు తెచ్చుకుని జె.ఆర్.ఎఫ్. సాధిస్తే పరిశోధనకు 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. పేద విద్యార్థికి ఇది చిన్న మొత్తం కాదు. అయితే ప్రభుత్వ నియామకాల ప్రకటనలు ఏటా రావు. ఈలోగా ఇంజనీరింగు కళాశాలల్లో కమ్యూనికేషన్ ల్యాబులు, ప్రైవేటు జూనియర్ కళాశాలలు ఆదుకుంటాయి గాని, అక్కడ జీతం ఎంతో, సెలవుల నెలల్లో ఇస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. సివిల్ సర్వీసుల మెయిన్సులో ఇంగ్లీషు సాహిత్యం 500 మార్కుల ఆప్షనల్. పత్రికలు, ప్రచురణ సంస్థలు, కంపెనీల్లో రాతపని చేసే విభాగాలు కూడా ఉన్నాయి. ఇవి పట్టా కంటే రాయగల చేతినే చూస్తాయి.

మన విద్యార్థుల దృష్టి అంతగా పడని దారి అనువాదం. 2002లో ‘కన్యాశుల్కం’ను ఇంగ్లీషులోకి తెచ్చిన సి. విజయశ్రీ, టి. విజయకుమార్ ఇద్దరూ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు అధ్యాపకులు. విజయనగరం వీధుల్లో తిరిగిన చాగంటి సోమయాజులు కథలను, ఈ ప్రాంతపు మాటతీరు తెలిసి, ఇంగ్లీషు సాహిత్యమూ చదువుకున్న ఇక్కడి పిల్లల కంటే బాగా అనువదించగలవారు ఎవరుంటారు? తెలుగు మాధ్యమంలో చదివామన్న న్యూనత ఇక్కడ అక్కరలేదు. ఆ తెలుగే వారి పెట్టుబడి. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ ఉన్నదన్న సంగతి అయినా డిగ్రీ చివరి ఏడాదిలో అధ్యాపకులు చెప్పవలసి ఉంది.

ప్రవేశ పరీక్ష దరఖాస్తుల గడువుకు ముందే ప్రతి డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు శాఖవారు ఒక పూట కేటాయించి ఈ లెక్కలన్నీ పిల్లల ముందుంచడానికి పైసా ఖర్చు లేదు. అలాగే జిల్లా గ్రంథాలయ సంస్థ పాఠ్యప్రణాళికలోని మూలగ్రంథాలను విజయనగరంలోను, బొబ్బిలిలోను రెండేసి ప్రతులు ఉంచవచ్చు. షేక్స్పియర్, డికెన్స్, హార్డీల రచనలపై కాపీహక్కులు ఏనాడో తీరిపోయాయి. చౌక ప్రతులు దొరుకుతున్నాయి. కొన్న పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయకుండా ఉంటే చాలు.