పొలంలో ఇంజను ఎగరగలదా?

పిల్లలూ! కృష్ణా డెల్టా శివారు భూములకు కాలవనీరు అందనప్పుడు రైతులు ఆయిలు ఇంజను పెట్టి నీరు తోడటం మీరు చూసే ఉంటారు. గన్నవరంలో దిగే పెద్ద విమానాల సంగతి వేరు. అవి టర్బైను ఇంజనులతో నడుస్తాయి. కాని కొందరు ఇంటివద్ద తయారుచేసుకునే చిన్న విమానాలలో ఎక్కువగా ఉండేది మన పొలం ఇంజను జాతిదే. రెండింటిలోనూ సిలిండరూ, అందులో అటూ ఇటూ ఆడే పిస్టనూ ఉంటాయి.

మరి పొలం ఇంజనునే విమానానికి బిగిస్తే? ఎగరదు! పెద్ద చక్రాల పాతకాలపు ఇంజను ఆరు గుర్రాల బలం ఇస్తుంది; బరువు మాత్రం సుమారు 300 కిలోలు. 1903 డిసెంబరు 17న రైటు సోదరులు ఎగిరిన విమానపు ఇంజనుకు 12 గుర్రాల బలం; బరువు 80 కిలోల చిల్లర. వారి దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ దానిని ఆరు వారాలలో తయారుచేశాడు. ఇంజను పెట్టెను తేలికైన అల్యూమినియంతో పోత పోయించారు.

పిస్టను నాలుగుసార్లు కదిలితే ఒక్కసారే బలం ఇస్తుంది. మిగతా మూడుసార్లూ ఆగకుండా తిప్పటానికే పొలం ఇంజనుకు ఆ బరువైన చక్రం. విమానపు ఇంజనులో నాలుగు సిలిండర్లు వంతులవారీగా పనిచేస్తాయి. ప్రొపెల్లరే చక్రానికి బదులు. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజను గాలికే చల్లబడుతుంది, నీళ్ళ బరువు లేదు. అందుకే చాలామంది దానిని తమ విమానాలకు అమర్చుకున్నారు.

పొలంలో ఇంజను ఆగితే రైతు మళ్ళీ హ్యాండిలు తిప్పుతాడు. ఆకాశంలో ఆగితే? అందుకనే విమానపు పెట్రోలు ఇంజనులలో సాధారణంగా సిలిండరుకు రెండేసి స్పార్కు ప్లగ్గులు పెడతారు. ఒకటి మొరాయించినా రెండవది నిప్పు రాజేస్తుంది.

ఈసారి పొలం వెళ్ళినప్పుడు, ఆ పెద్ద చక్రం ఎందుకో మీ నాన్నగారిని అడగండి. ఆయన ఆలోచిస్తూంటే మీరే చెప్పండి!