తాళము తప్పినదెవరు?

బనగానపల్లె నుండి యొక సోదరి వ్రాసిన లేఖ ఈ మాసమున మాకు చేరినది. ఆ యూరి పేరు మామిడిపండు మూలమున దేశమంతయు నెరిగినదే. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి అచటి రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెనని ప్రసిద్ధి గలదు గనుక, ఆ ప్రాంతపు టిండ్లలో తత్త్వములు పాడు స్త్రీలుండుట వింత గాదు. ఈ సోదరి అత్తగారు అట్టి గాయని. ఎనుబదేండ్లు దాటిన ఆమె పాడిన పది నిమిషముల తత్త్వమొకటి నిరుడు కంప్యూటరులో నెక్కించిరి. అటుపిమ్మట ఊపిరి చాలక ఆమె పాడుట మానినది. ఇక ఆ కంఠము ఆ యొక్క ఫైలునందే యున్నది.

ఆ పాటకు కోడలు తన యింటనే చిడతలు చేర్చినది. హైదరాబాదున నున్న మనుమరాలు అవ్వ పాటను వినుచు కంజిర వాయించి, సెల్‌ఫోనున రికార్డు చేసి పంపినది. మూటిని గలిపి వినగా చిడతలు ఆద్యంతము వెనుకబడియే యున్నవి; కంజిర మొదట సరిగా నుండి పోనుపోను తొలగిపోయినది. అవ్వకు వయసు మీద లయ పోయినదనియు, ఆమె గొంతునే ముక్కలుగా కోసి తాళమునకు జరుపవలెననియు ఇంటిలోని మగవారు నిశ్చయించిరట. అట్లు చేయవచ్చునా యని సోదరి ప్రశ్న.

చేయరాదు. అవ్వ ముందుగా పాడినది. తక్కిన యిద్దరును ఆమెను వినుచు వాయించిరి. వెనుక వచ్చినవారు కలియనిచో ముందు నడచినవారిది తప్పెట్లగును? అయినను కోడలిదియు మనుమరాలిదియు గూడ తప్పు కాదని మా యభిప్రాయము. ఇచట రెండు వేర్వేరు యంత్రదోషము లున్నవి.

మొదటి దోషమును లేటెన్సీ యందురు, ఆలస్యమని యర్థము. కంప్యూటరు ధ్వనిని బొట్టు బొట్టుగా నందింపదు. కొళాయి క్రింద బిందె నిండిన పిదపనే యెత్తుకొని పోయినట్లు, కొంత ధ్వనిని కూర్చి యొక్కమారుగా పంపును. ఆ బిందెకే బఫరని పేరు. సెకండునకు 48,000 శాంపిళ్లుగా ధ్వని కొలువబడునపుడు, 256 శాంపిళ్ల బిందె నిండుటకు 5 మిల్లీసెకండ్లకు పైగాను, 1024 శాంపిళ్లదైనచో 21 మిల్లీసెకండ్లకు పైగాను పట్టును. బిందె చిన్నదైనచో ఆలస్యము తగ్గును. కాని మాటిమాటికి మోయలేక యంత్ర మలసిపోయి నీరు తొణికినట్లు చిటపటలు వినవచ్చును. అవ్వ గొంతు చెవికి చేరుటకు కొంత, చిడతల మ్రోత మైకు నుండి లోనికి పోవుటకు కొంత, రెండును గలిసి ఆలస్యమగును. కోడలు తాను విన్నదానికి సరిగానే కొట్టినది. ఆ దెబ్బ ఆలస్యముగా వ్రాయబడినది. ఇట్టి యాలస్యము పాట మొదటను చివరను ఒకే కొలతగా నుండును. దానిని గుర్తించుట కిదియే యానవాలు.

సోదరి వాడుచున్నది ఆడాసిటీ యను ఉచిత సాఫ్టువేరు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు ప్రారంభింపగా 2000 సంవత్సరమున లోకమునకు విడుదలైనది. ఈ యాలస్యమును దిద్దు సదుపాయము అందే కలదు. ముందుగా 'జెనరేట్' పట్టికలోని 'రిథమ్ ట్రాక్' చేత టిక్కుటిక్కుమను తాళమొకటి పుట్టింపవలెను. హెడ్‌ఫోనును మైకునకు ఆనించి, ఆ తాళమును మ్రోగించుచునే క్రొత్త ట్రాకున రికార్డు చేయవలెను. మనుష్యుల చేయి తగులని పరీక్ష యిది. ఇందులోను తేడా కనబడినచో ఇక నెవరిని నిందింతుము? రెండు టిక్కుల నడుమ దూరమును పెద్దదిగా చేసి చూచి కొలువవలెను. 'ఆడియో సెట్టింగ్స్' నందు 'లేటెన్సీ కాంపెన్సేషన్' అను చోట సామాన్యముగా ఋణ 130 మిల్లీసెకండ్లు ముందే వేసియుండును. క్రొత్త టిక్కు ఇంకను 40 వెనుకబడియున్నచో ఋణ 170 చేయవలెను. 30 ముందునకు వచ్చినచో ఋణ 100 చాలును. హెడ్‌ఫోను మార్చినను, బఫరు మార్చినను మరల కొలువక తప్పదు. ఇదివరకే పట్టిన చిడతల ట్రాకును మాత్రము మొత్తముగా ఎడమకు జరిపిన సరిపోవును. ఒక్కొక్క దెబ్బను కోయ నక్కరలేదు.

తీగ లేని బ్లూటూత్ హెడ్‌ఫోను ఈ పనికి పనికిరాదు. దాని యాలస్యము తరచుగా నూరు మిల్లీసెకండ్లను మించును. చలనచిత్రము చూచుటకు బాధ లేదు గాని, తాళము వేయుట దుర్లభము.

కంజిర సంగతి వేరు. ప్రతి యంత్రమునకును తన గడియారము తనదే. పది లక్షలలో ఏబది పాళ్ల తేడా యున్న రెండు గడియారములు నిమిషమునకు 3 మిల్లీసెకండ్లు ఎడబాయును. పది నిమిషములకు 30 అగును. అప్పటికి దెబ్బ రెండుగా చీలినట్లు చెవికి తెలియును. దీనిని జరిపిన లాభము లేదు. మొదలు కలిపినచో తుది తప్పును, తుది కలిపినచో మొదలు తప్పును. పాటలో మొదటి దెబ్బను, కడపటి దెబ్బను గుర్తించి, కంజిర ట్రాకునే ఆ కొలతకు సాగదీయుటయో కుదించుటయో చేయవలెను. అవ్వ ట్రాకు కదలరాదు. 48,000 లెక్కన పట్టిన ఫైలును 44,100గా చదివినచో తేడా ఇంత సూక్ష్మముగా నుండదు: 10 నిమిషముల పాట 10 నిమిషముల 53 సెకండ్లగును, శ్రుతియు దిగును. సోదరి శ్రుతి మాట వ్రాయలేదు గనుక ఆ దోషము లేదని తలంచుచున్నాము.

చలనచిత్రములవారు దృశ్యమునకు ముందు క్లాపు కొట్టుట యీ చిక్కు కొరకే. బొమ్మయు ధ్వనియు వేరువేరుగా పట్టబడును గనుక, కలుపుటకు ఆనవాలు కావలెను. మనుమరాలు ఇకమీద వాయించుటకు ముందొకమారు, ముగించిన పిదప నొకమారు, పాటకు సరిగా చప్పట్లు కొట్టి పంపినచో తల్లికి సగము శ్రమ తప్పును.

ఇంతయు సరిచేసిన పిమ్మటను అచ్చటచ్చట అవ్వ గొంతు తాళమున కొక వెంట్రుకవాసి ఆగి వచ్చుచుండవచ్చును. దానిని దోషమనుటకు మేమొప్పము. తత్త్వము పాడువారు మాట బరువును బట్టి ఆగుదురు. రాయలసీమ చెక్కభజనలో చూడుడు: ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక 12 మీటర్ల దూరమున నున్నవానికి గురువు పాట 35 మిల్లీసెకండ్లు ఆలస్యముగా చేరును. అయినను అందరి యడుగులు గురువు పాదమును చూచి కలియును. గురువును నిలిపి జరుపుదమని యెవరు నందురు? సాఫ్టువేరునందు ప్రతి స్వరమును గీతలకు బిగించు మీట యొకటి గలదు. యువకులకు అది మిక్కిలి ప్రియము. ఈ ఫైలు విషయమున మాత్రము దాని జోలికి పోరాదని సోదరి తన యింటివారికి మా మాటగా చెప్పవచ్చును.

అవ్వ పాడిన మొదటి ఫైలును ముట్టక, పేరు తేదీ వ్రాసి రెండుచోట్ల దాచి, ప్రతితోనే పని చేయవలెను. చిడతలు మరల పట్టదలచినచో మైకుకు రెండు మూరల దూరమున కూర్చుండి, నాపరాతి నేలపై బొంత పరచుకొనుట మంచిది. లేనిచో రాతి నుండి తిరిగివచ్చు మ్రోత ఇంకొక చిడత వలె వినబడును. పంకా ఆపి పట్టినచో మరింత శుద్ధముగా వచ్చును గాని, ఆ సీమ యెండలలో అంతమాట చెప్పుటకు మాకు నోరాడుట లేదు. తెల్లవారుజామున కూర్చుండిన సరి.