ఫైరింజను వచ్చేలోగా ఊరు ఏం చేయాలి?

అమలాపురం: ఎండలు ముదిరాయంటే తాటాకు పాకలో కాపురముండే వారికి కంటిమీద కునుకుండదు. పొయ్యిలో ఆరని నిప్పుకణిక, గాలికి రాసుకున్న కరెంటు తీగలు, గట్టున ఎవరో పారేసిన బీడీ ముక్క, ఏదైనా చాలు. ఎండిన తాటాకుకు అంటుకున్న నిప్పు పావుగంట కూడా ఆగదు. గాలి తోడైతే ఒక పాకతో పోదు, వరుసంతా పోతుంది. బియ్యం, బట్టలు, రేషను కార్డు, పొలం కాగితాలు, పిల్ల పెళ్ళికని దాచిన సొమ్ము కళ్ళముందే బూడిదవుతాయి.

ఆ తరువాత ఫైరింజను వస్తుంది. "అంతా కాలాక వచ్చారు" అన్న నిష్ఠూరం సిబ్బందికి తప్పదు. కాని తప్పు వారిదేనా? కోనసీమలో పాకలు మునుపటికంటే తగ్గినా లంకల్లో, కాలువ గట్ల మీద ఇంకా ఉన్నాయి. వాటిలో ఉండేది రెక్కాడితే గాని డొక్కాడని వారే. కనుక ఈ ప్రశ్నకు జవాబు వెతకక తప్పదు.

లెక్క చూస్తే...

అగ్నిమాపక సర్వీసుపై కేంద్రానికి సలహాలిచ్చే స్థాయీ సంఘం ఒక ప్రమాణం సూచించింది. పట్టణాల్లో ప్రతి 10 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలి, 5 నుంచి 7 నిమిషాల్లో బండి చేరాలి. పల్లెల్లో 50 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలి, 20 నిమిషాల్లో చేరాలి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిననాడు కోనసీమ జిల్లా విస్తీర్ణం 2,083 చదరపు కిలోమీటర్లు. పల్లెల ప్రమాణం ప్రకారమే చూసినా నలభైకి పైగా కేంద్రాలు కావాలి. ఉన్నవాటిని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల నుంచి బండి కదలాలి. కేంద్రానికి 20 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరికి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చినా అరగంట పడుతుంది. పాక కాలడానికి పావుగంట చాలు. అంటే కేంద్రంలో సిబ్బంది ఎంత చురుగ్గా కదిలినా మొదటి పాకను కాపాడలేరు. కాపాడగలిగేది పక్క పాకలనే.

చట్టంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1993లో అమలుకు వచ్చిన రాజ్యాంగ సవరణల్లో మునిసిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితాలో అగ్నిమాపక సేవలు ఉన్నాయి. పంచాయతీలకు ఇచ్చిన 29 అంశాల జాబితాలో ఆ మాటే లేదు. మన దగ్గర అగ్నిమాపక శాఖను రాష్ట్ర ప్రభుత్వమే నడుపుతోంది గనుక పల్లెలకూ బండి వస్తోంది. అయితే కేంద్రాలు మాత్రం పట్టణాల్లోనే వెలిశాయి.

బండిలో నీళ్ళు ఎంతసేపు?

సాధారణంగా వచ్చే పెద్ద బండిలో 4,500 లీటర్ల నీళ్ళు పడతాయి. ఒక గొట్టంతో నిమిషానికి 450 లీటర్ల చొప్పున చిమ్మితే పది నిమిషాల్లో అయిపోతాయి. రెండు గొట్టాలు పెడితే ఐదు నిమిషాలే. తరువాత చెరువునో కాలువనో వెతుక్కోవాలి. బండి పంపు దాదాపు ఏడు మీటర్ల లోతు నుంచి నీళ్ళు తోడగలదు. కాని చెరువు గట్టుదాకా బరువైన బండి వెళ్ళే దారి ఉండాలి గదా!

కోనసీమలో నీటికి కరువేమిటని అనిపించవచ్చు. చిక్కు అక్కడే ఉంది. డెల్టాలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేది వేసవిలోనే. నిప్పు భయం ఎక్కువగా ఉండే రోజుల్లోనే కాలువలో నీళ్ళుండవు. అప్పుడు మంచినీటి చెరువు, రొయ్యల చెరువులు, కొబ్బరితోటల్లోని బోర్లే దిక్కు. రొయ్యల చెరువు ఉప్పునీరైనా మంట ఆర్పడానికి పనికివస్తుంది.

లంకల సంగతి

గోదావరి పాయల మధ్య ఉన్న లంకల పరిస్థితి మరీ కష్టం. వంతెన లేని లంకకు మనుషులే పడవ మీద దాటాలి. ఇక ఫైరింజను ఎలా దాటుతుంది? అటువంటి చోట్ల ఇద్దరు ముగ్గురు మోసుకుపోగల చిన్న పంపు, నాలుగైదు గొట్టాలు ఊళ్ళోనే ఉంచడం తప్ప మరో దారి లేదు. ఫైరింజనుతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు ఏపాటిది?

గ్యాసు మంటలు వేరు

ఈ సీమకు మరో గండం ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి చమురు బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. విదేశీ నిపుణులు రావలసివచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి మంటను నీళ్ళబండి ఆర్పలేదు. చుట్టుపక్కల వాటిని చల్లబరచి మంట పాకకుండా చూడగలదు, అంతే. గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయరాదు, స్విచ్చి ముట్టరాదు, మోటారు సైకిలు స్టార్టు చేయరాదు. గాలి వీచే దిక్కుకు అడ్డంగా దూరం పోవాలి. ఇవి ప్రతి ఇంట్లో పిల్లలకు సైతం తెలియాలి.

ఊరి చేతిలో ఉన్నవి

కేంద్రాలు పెరిగేదాకా మొదటి అరగంట ఊరిదే. ఆ అరగంటలో చేయదగినవి కొన్ని ఉన్నాయి.

మొదట 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. ఊరి పేరొక్కటి చెబితే చాలదు. ఒకే పేరు గల ఊళ్ళు చాలా ఉన్నాయి. మండలం, దగ్గరి రోడ్డు, గుర్తుగా గుడో బడో చెప్పాలి. ఒక మనిషి రోడ్డు మలుపులో నిలబడి బండికి దారి చూపాలి.

రెండోది, లైన్‌మన్‌కు కబురుపెట్టి కరెంటు ఆపించాలి. తీగల్లో కరెంటుండగా నీళ్ళు కొట్టడం ప్రాణాలకే ముప్పు.

మూడోది, మంట అంటుకున్న ఇంటిలోని గ్యాసు బండ. అది బయటకు వచ్చే వీలుంటే మొదటే తేవాలి. మంట ముట్టడించాక దాని జోలికి పోరాదు. పెట్టె కోసం, కాగితాల కోసం లోనికి దూకరాదు.

నాలుగోది, రైతుల ఆయిల్ ఇంజన్లు. పొలానికి నీళ్ళు తోడే ఇంజనే గొట్టం తగిలిస్తే పక్క పాకలను తడిపి కాపాడుతుంది. ఎవరి ఇంజను ఎక్కడుందో, గొట్టం ఎవరి దగ్గరుందో పంచాయతీలో రాసి పెట్టుకోవాలి. గడ్డిమేటు ఇంటికి ఆనించి వేయకపోవడం, చెరువు గట్టుకు బండి దారి ఉంచడం, సందుల్లోకి చొచ్చుకువచ్చిన అరుగులను వెనక్కి జరపడం పంచాయతీ తీర్మానంతో అయ్యే పనులే.

కాలిన తరువాత

సహాయం సంగతీ తెలుసుకోవాలి. కేంద్రం 2022-26 కాలానికి నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం కాలిన గుడిసెకు రూ. 8,000, కుటుంబానికి బట్టలకు రూ. 2,500, పాత్రలు, సామాన్లకు రూ. 2,500. అన్నీ కలిపితే రూ. 13,000. దీనితో మళ్ళీ పాక లేవడం కష్టమే. ఆ కాస్తయినా చేతికి రావాలంటే రెవెన్యూ ఉద్యోగి వచ్చి నష్టం రాసుకునే వేళ ఇంటివారు దగ్గరుండాలి. అగ్నిమాపక కేంద్రం ఇచ్చే నివేదికను భద్రపరచుకోవాలి. బీమా ఉన్నవారికి అదే ఆధారం.

డబ్బు లేదనడానికి వీల్లేదు

రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 2023 జులైలో రూ. 5,000 కోట్ల పథకం ప్రకటించింది. అటువంటి నిధులు పట్టణంలో ఎత్తయిన భవనాలకు నిచ్చెనలు కొనడంతోనే ఆగిపోరాదు. లంకలకు చిన్న పంపులు, దూరపు మండలాలకు చిన్న బండ్లు కూడా అడగవలసిన బాధ్యత ప్రజాప్రతినిధులది.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినపుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. వారి స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం రోజుల్లో ఒక్కరోజైనా బండి లంక రేవుదాకా రావాలి. ఊరి కుర్రాళ్ళ చేత గొట్టం పట్టించి నేర్పాలి. రేపు నిప్పంటుకున్నపుడు మొదట అక్కడ ఉండేది వాళ్ళే.