మెడికల్ షాపు దగ్గరే ఆగిపోవాల్నా?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తండాల నుంచి, చెంచు పెంటల నుంచి ఎవరన్నా బీఫార్మసీ పూర్తిచేస్తే చుట్టుపక్కల అందరూ ఒకటే మాట: "ఇంక చాలు, మెడికల్ షాపు పెట్టుకో." షాపు తప్పని కాదు. మన చదువుకు అదే హద్దు అని గీత గీసుడే తప్పు.

2009లో ఏమైందో యాది చేసుకోండి. ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో హాస్టళ్ల గిరిజన పిల్లలు ఎందరో. తల్లిదండ్రుల బదులు చాలా ఫారాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో కేంద్రం దాన్ని ఆపింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. టీకా చెడ్డదని నేను అంటలేను. సూది మన పిల్లలకు, సంతకం ఇంకొకరిదా అని అడుగుతున్న.

ఆ ప్రశ్న లోపల కూర్చుని అడగాలంటే ఎంఫార్మసీ ఫార్మకాలజీ చదవాలె. మందు ఒంట్లో ఏం చేస్తది, ఏ డోసు దాటితే విషమైతది, జంతువుల తర్వాత మనుషుల మీద దశలవారీగా ఎట్ల పరీక్షిస్తరు, సమ్మతి ఎట్ల తీసుకోవాలె: ఆ రెండేళ్ల చదువంతా ఇదే.

నల్లమల చెంచులు తెచ్చే తపసి బంక మలబద్ధకం మందుల్లో, కట్టుడు పళ్లు అతికించే పొడిలో వాడుతరు. బంక తెచ్చేది మనం, పరిశోధన మాత్రం వేరేవాళ్లదా?

హైదరాబాద్ బాలానగర్‌లో 2007 నుంచి నైపర్ ఉంది. ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నయి. జీప్యాట్, పీజీఈసెట్ కోచింగ్ మన మూడు జిల్లాల్లోనే పెట్టాలని అడుగుదాం. అప్పటిదాకా, బీఫార్మసీ ఫైనలియర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, షాపు అద్దె లెక్కలు పక్కన పెట్టండి. దరఖాస్తు నింపండి.